చిగురు వాపు మాత్రలు

"ఈ మాత్రలయ్యేదాకా సుక్క ముట్టుకోకు బాబూ. పేనం మీదకొత్తాదని డాక్టరు మరీమరీ సెప్పినాడు. నాకెందుకో బయమేత్తంది," అంది సింహాచలమ్మ, కొడుక్కి నీళ్లగ్లాసు అందిస్తూ.

పైడిబాబు హిందీ మాట్లాడే గోవింద్‌పూర్‌లో కాంట్రాక్టు వెల్డరు. పంటి చిగురుకు చీము పట్టి బుగ్గ బూరెలా పొంగింది. "నహీ పియూంగా, మా," తాగనులే అని విసుక్కున్నాడు. నీ బెంగతోనే వాడికి సగం జబ్బు అని మొగుడు సూర్యం ఎగతాళి చేశాడు. ఆ మాత్రల వేడికి వాడి నోరు పూసింది, కడుపు మండుతోంది, అది మాత్రం నీకు పట్టదని గొణిగాడు కూడా. కూరలకని తండ్రీ కొడుకులు పర్సుడీహ్ సంతకు బయల్దేరారు.

ఎండెక్కాక తిరిగొచ్చారు. గడప దాటకుండానే పైడిబాబు భళ్లున కక్కాడు. మొహం, మెడ ఎర్రగా కందిపోయాయి. గుండె దడకు చొక్కా అదురుతోంది. పులిసిన కంపు. తెల్లటి నురగ ఆమె కాళ్ల మీద, కుచ్చెళ్ల మీద చిందింది. బూడిద పోసి ఎత్తుతుంటే ఆమెకూ డోకొచ్చింది. కన్నకొడుకు కక్కిందే అయినా చెయ్యి వెనక్కి పోయింది. వాడు మూతి తుడుచుకుని, "దారూ నహీ పియా" అంటూ, సారా తాగలేదని ఆమె తల మీద ఒట్టేసినప్పుడు ఇంకా రోత పుట్టింది.

ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి వాడు తల నిలపలేకపోతున్నాడు. బీపీ పడిపోతోందని, ఏం తాగాడో, ఏం మింగాడో చెబితేనే సరైన వైద్యం చేయగలనని డాక్టరమ్మ హిందీలో గట్టిగా అడిగింది. పైడిబాబు కళ్లు తెరవలేదు. సింహాచలమ్మకు అప్పుడే పాడె కళ్ల ముందు కదిలింది. భుజం పట్టుకుందామని మొగుడి దగ్గరకు జరిగింది. అతని నోట్లోనూ అదే పులిసిన కంపు. తాకబోయిన చేతిని చీరకు తుడుచుకుంది.

"ఏటి తాగించినావు? పిల్లోడు పోయినాక సెప్తావా?"

సూర్యం గోడవైపు తిరిగాడు. నర్సు సూది గుచ్చి సెలైను ఎక్కించింది. డాక్టరమ్మ సూర్యం వైపు తిరిగింది. సీసాలో చుక్కలు పడుతూనే ఉన్నాయి.

"సారా కాదే," అన్నాడు చివరికి, తలెత్తకుండా. "హండియా. కల్లునాగ పులిసిన బియ్యం నీళ్లే గదా, మాత్రల వేడికి సలవ సేత్తాదని దొప్పతో నేనే పట్టించినాను."