కళావతక్క కేసు

గల్ఫులో, సాల్మియా ఊళ్లో నేను కారు నడిపే ఇంట్లో రోజూ సాయంత్రం కోర్టు పెడతారు. జడ్జిగారు మా మేడమ్ తండ్రి నికోస్ గారు, గ్రీసు దేశస్థుడు. కుర్రతనంలో మిలటరీ సర్కారు మీద తిరగబడి మూడేళ్లు జైల్లో ఉన్నారు. ఆ సర్కారు కూలాక న్యాయశాస్త్రం చదివి, ఆ దేశంలోనే ముప్పయ్యేళ్లు జడ్జిగా చేశారు. ఇప్పుడు మతిమరుపు. మధ్యాహ్నం ఏం తిన్నారో గుర్తుండదు గానీ, తీర్పు చెప్పమంటే మాత్రం నిటారుగా కూర్చుంటారు. ఆయనంటే నాకు ప్రాణం. బంట్రోతుని నేనే మరి!

కేసులన్నీ మేం కల్పించినవే. కూరలో ఉప్పెక్కువైందని ఒకరోజు, ఆయన గడ్డం గీయించుకోలేదని ఇంకోరోజు. ఫిర్యాదులన్నీ రాయచోటి కళావతక్కవి. ఆయనకి స్నానం, మందులు అన్నీ ఆవిడే చూస్తుంది. ఆవిడ తినిపిస్తే తప్ప ఆయనకి ముద్ద దిగదు.

కళావతక్కకి సెలవు దొరకంది కూడా అందుకే. వచ్చే నెలలో కూతురి కాన్పు. "నువ్వెళ్తే మా బాబా తినడు, తర్వాత చూద్దాం" అంది మేడమ్. చెడ్డది కాదు, వట్టి పిరికిది.

ఆరోజు కోర్టులో అక్క కళ్లనీళ్లు కుక్కుకుంటూ నిలబడింది.

"ఏంటక్కా, నోరు పెగలట్లేదు? చెప్పెయ్యి, నేను ఇంగ్లీషు చేసేత్తాను" అన్నాను.

"తొలికాన్పు పుట్టింట్లోనే జరగల్ల గదా నాయనా. నేను ఈడుంటే నా బిడ్డకి పుట్టిల్లు యాడుంటాది? మామా, అదే మేడమ్, పంపీనంటాది. అది చెప్పు."

చెప్పాను. జడ్జిగారు నిటారుగా సర్దుకుని కూర్చున్నారు.

"ఈమె వెళ్తే నష్టపోయేదెవరు?"

ఆయన పేరెత్తకుండా చెప్పాను. "ఒక ముసలాయనండి. ఈవిడ పెడితేనే తింటారు."

"ఆయనకి చేతుల్లేవా?"

"ఉన్నాయండి."

"అయితే వెళ్లనివ్వండి. ఒకరి సుఖం కోసం ఇంకొకర్ని కట్టిపడెయ్యకూడదు. నేను జైలుకెళ్లింది దాని గురించే."

గుమ్మంలో మేడమ్ అంతా విని లోపలికి వెళ్లిపోయింది. తీర్పు ఈయనకి భోజనం దాకా గుర్తుంటే గొప్పే అనుకున్నాను.

భోజనాల దగ్గర అక్క ఎప్పట్లాగే పప్పన్నం కలిపి ముద్ద అందించింది. ఆయన ఆవిడ చెయ్యి మెల్లగా పక్కకి నెట్టి, కంచం తన ముందుకి లాక్కున్నారు. తనే ముద్ద ఎత్తారు. సగం నోట్లోకి, సగం చొక్కా మీదకి. మేడమ్ సాయానికి లేవబోతే కసిరారు. అలాగే అరగంటసేపు తిని, కంచం ఖాళీ చేశారు.

మేడమ్ కళ్లు తుడుచుకుని ఫోను తీసింది. "కళావతీ, టికెట్ ఏ తారీఖుకి చెయ్యమంటావు?"

అక్క వేళ్ల మీద రోజులు లెక్కేసుకుంటోంది. పెద్దాయన నా వైపు తిరిగి, "రాసుకో. ఆ ముసలాడు అప్పీలుకి వెళ్లడు" అన్నారు.