సింహం బొమ్మ కింద పుళ్ళు

ముందే చెబుతున్నాను, నేను మంచిదాన్ని కాదు. పంకజాక్షికి కడుపు పెరిగేకొద్దీ నాకు కడుపు మండేది. సీమంతానికి దాని చేతినిండా గాజులు తొడిగింది నేనే, ఒక్కటైనా చిట్లితే బాగుండునని అనుకున్నదీ నేనే. స్వర్గానికి పోయినా సవతి పోరు తప్పదంటారు. మాది చిత్తూరు పక్క ఐరాల ఊరు, ఇంకెక్కడ తప్పుతుంది?

ఆరేళ్ళ కిందట నాకూ కొడుకు పుట్టాడు. పదోనాడు పోయాడు. చిత్తూరు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. కాన్పు వేళ నాకున్న పుళ్ళే బిడ్డకు అంటుకున్నాయట. అవి మా ఆయన ఆదిమూలం మద్రాసుకు లారీ తోలి తెచ్చిపెట్టినవి, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తాయి. "పుండ్లు ఉన్నప్పుడు నొప్పులొస్తే ఇంట్లో కనొద్దు, కడుపు కోసి తీయాల" అంది. తర్వాత నాలుగు నెలలు నేను తినలేదు, మాట్లాడలేదు. అది మనసుకు వచ్చే జబ్బని ఆవిడే మాత్రలిచ్చి నన్ను మనిషిని చేసింది. మా అత్త వసంతమ్మ లెక్కలో మాత్రం నేను పిచ్చిదాన్నే. అందుకే కొడుక్కి రెండో పెళ్ళి చేసింది.

తొమ్మిదో నెలలో పంకజాక్షికి తొడల మధ్య పొక్కులు లేచాయి. అత్త చూసి అక్కి అంది. అక్కి లేస్తే మా వైపు కుమ్మరివాళ్ళు ఎర్రమన్నుతో సింహం బొమ్మ రాస్తారు. కుమ్మరి దేవకమ్మ వచ్చి దాని తొడ మీద సింహాన్ని రాసి, పుళ్ళ మీద మన్ను పూసి పోయింది. అక్కి కాదని నాకు తెలుసు. రెండు రోజులు నోరు విప్పలేదు. నా బిడ్డ పోయాడు కదా, దాని బిడ్డ మాత్రం ఎందుకు బతకాలి అనుకున్నాను.

మూడోనాడు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. అత్త మంత్రసానికి కబురు పెడుతుంటే పంకజాక్షి నా చెయ్యి పట్టుకుంది.

"మంట తాళలేకుండా ఉండాను అక్కా. నీకూ ఇట్లే ఉన్నిందా?"

ఇట్లే ఉండింది. అట్లా పట్టుకుందామంటే చెయ్యి ఇచ్చే మనిషి ఆ రోజు నాకు లేరు.

"అత్తా, జీపు పిలిపీ. ఇది అక్కి కాదు. ఈడ కాన్పయితే బిడ్డ దక్కడు" అన్నాను.

"దీనికి మళ్ళా పిచ్చి లేసింది. పోయి వంట సూసుకో."

తలుపు మూశాను. నాకూ ఆ వారమే పుళ్ళు తిరగబెట్టాయి. అత్త ముందు చీర పైకెత్తాను.

"సూడు. నీ కొడుకు నాకిచ్చినాడు, దానికీ ఇచ్చినాడు. నా బిడ్డ ఎట్ల పోయినాడో ఇప్పుడన్నా తెలుసుకో."

అత్త నావీ చూసింది, దానివీ చూసింది. కొంగుతో నోరు మూసుకుని జీపు కోసం తనే వీధిలోకి పోయింది.

చిత్తూరులో ఆపరేషన్ చేసి మగబిడ్డను తీశారు. పదోనాడంతా నేను వాడి పక్కనే కూర్చుని ఊపిరి చూసుకున్నాను. పాలు తాగాడు, ఏడ్చాడు, పడుకున్నాడు. పదకొండోనాడు తెల్లవారింది.

"ఎత్తుకో అక్కా" అంది పంకజాక్షి.

ఎత్తుకున్నాను. నా కొడుకు చూడని రోజును వీడు చూస్తున్నాడు. ఒళ్ళు మండిపోయింది. అయినా వాణ్ణి కిందికి దించలేదు.