ఇద్దరు మనుషుల లోడు

మా ఆయన ఉద్యోగమంతా పైకీ కిందికీ తిరగడమే. పెద్దాసుపత్రిలో లిఫ్టు మెకానిక్కు. రిటైరయ్యాక ఆయనకు అడ్డంగా తిరగాలని కోరిక పుట్టింది. ఆ వయసులో అందరి మొగుళ్లకూ మోకాళ్ల నొప్పులు వస్తాయి. మా ఆయనకు పడవ వచ్చింది.

పడవ అనగానే తెల్లటి తెరచాపలూ అవీ ఊహించుకోకండి. కాలువలో ఇసుక మోసి మోసి నడుం వంగిన ఇనప బార్జి అది. దాని మీద గది కట్టించి కాపురం పెట్టాలని ఆయన పథకం. నన్ను గట్టు మీద నిలబెట్టి, "సొంత ఇల్లు!" అని చెయ్యి చాచి చూపించారు. నేను వేలితో ముట్టుకుంటే అరచెయ్యంత తుప్పు పెచ్చు ఊడి నా చెప్పు మీద పడింది.

"గోడలు గట్టివేనా?" అన్నాను.

"గోడలు కాదే, పక్కలు అంటారు."

కొని గంటయినా కాలేదు, అప్పుడే నాకు పాఠాలు మొదలు.

అసలు చిక్కు తుప్పుతో కాదు, మా అక్కతో. అక్క మా దగ్గర ఉంటుంది అనడం కన్నా, మేమే అక్క దగ్గర ఉంటున్నాం అనాలి. అమ్మ పోయాక నన్ను పెంచింది, నాకు పెళ్లి చేసింది, ఆ తర్వాత మా ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని కూర్చుంది. నా చిన్నప్పటి నుంచీ అక్కది కుట్టుపనే. బట్టలు కత్తిరించే ముందు కొలతలకని పాత పత్రికలు తెచ్చేది. నేను చదవడం నేర్చుకున్నది ఆ కాగితాల మీదే. చాలా కథల ముగింపులు నాకు ఇప్పటికీ తెలియవు. సరిగ్గా అక్కడే జాకెట్టు చంక కత్తిరించేసేది.

నాకు వీడ్కోళ్లు పడవు. ఎవరైనా గుమ్మం దిగుతూ "వెళ్లొస్తా" అంటే చాలు, ఈ మనిషిని చూడటం ఇదే ఆఖరేమో అనిపిస్తుంది. పాలవాడు సెలవు పెట్టినా అంతే. చిన్నప్పుడు నాన్న "ఇప్పుడే వస్తా" అని గొడుగు పట్టుకుని వెళ్లారు. గొడుగు మాత్రం వచ్చింది. అప్పటి నుంచి నాకు మిగిలింది అక్క ఒక్కతే. పడవలో అక్కకు చోటు లేదని మా ఆయన అన్నంలో చెయ్యి పెట్టిన వేళ చెప్పారు.

"పడవకో లెక్కుంటుంది వదినగారూ. ఇద్దరు మనుషులు, ఒక మంచం, ఒక పొయ్యి. అంతకు మించి లోడు పడకూడదు."

అక్క తన శరీరాన్ని ఓసారి చూసుకుంది. చూసుకోవడానికి చాలానే ఉంటుంది.

"ఇసుక ఎంత మోసేది మరిదిగారూ అది?"

"అది వేరే."

"ఔనౌను. ఇసుక నోరెత్తదు."

మా ఆయన మంచినీళ్లు తాగారు. ఆయనకు జవాబు తోచనప్పుడల్లా దాహం వేస్తుంది.

అక్క పెద్దగా గొడవ చెయ్యలేదు. ఊరికి ఆ చివర ఓ గది చూసుకుంది. మేం వెళ్లేది కాలువ పొడుగునా పోతే వచ్చే జలాశయానికి. అక్కడి నుంచి అక్క గదికి రావాలంటే బస్సులు మారి మారి రావాలి. "పండగలకీ పబ్బాలకీ కలుసుకుందాంలే" అంది అక్క నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నాన్న గొడుగు తీసుకున్నప్పుడూ నవ్వారు.

ఇక మా ఆయన పడవ మీద పడ్డారు. లిఫ్టు మెకానిక్కుకు లోకంలో ఉన్న శత్రువు ఒక్కటే, బరువు. బరువు మించితే గంట మోగుతుంది, తలుపు పడదు, డాక్టర్లు తిడతారు. ఆ భయంతోనే ఆయన జుట్టు నెరిసింది. పడవ అడుగున చెక్కలు విప్పి చూస్తే బారులు తీర్చి పేర్చిన రాళ్లు కనబడ్డాయి.

"చూశావా, ఎవడో బుద్ధిలేనివాడు పడవ నిండా రాళ్లు పోశాడు!" అని కూలీలను పెట్టి మొత్తం ఎత్తిపోయించారు. గట్టు మీది టీకొట్టాయన అవన్నీ పట్టుకుపోయి కొట్టు ముందు పరుచుకున్నాడు. రాయి తీసేకొద్దీ పడవ నీళ్లలోంచి పైకి లేచింది. మా ఆయన బిడ్డ మొదటిసారి లేచి నిలబడ్డంత సంబరపడ్డారు. పైన చెక్కలతో గది, దానికో రేకుల కప్పు. గిన్నెలు కూడా తేలికవే కొన్నారు. గాలి వస్తే పట్టుకోవాలి.

బయలుదేరే రోజు వచ్చింది. మా పడవకు సొంత ఇంజను లేదు కాబట్టి ఇంజను ఉన్న వేరే పడవను ముందు కట్టి లాగించాలి. దాన్ని నడిపే ఆయన ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని వచ్చాడు. అక్క రానంది. వీడ్కోలు చెబితే నేను తట్టుకోలేనని తన ఉద్దేశం. రాకపోతే ఇంకా తట్టుకోలేనని ఎవరు చెప్పాలి? నేను పడవ గది గుమ్మంలో మూట పట్టుకుని కూర్చున్నాను.

బస్తీ చివర కాలువ మీద వంతెన ఉంది. పడవ ముక్కు దాని కిందికి వెళ్లింది. ఆ తర్వాత గది రేకు వంతెనను గీరుకుంటూ కీచుమని అరిచి, పడవ మొత్తం ఆగిపోయింది. నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువైంది, అంతే.

ఇంజనాయన ఫోను జేబులో పెట్టి వెనక్కి వచ్చాడు.

"ఇదెప్పుడూ ఈ వంతెన కిందే పోయేది కదా సార్. గది కట్టినా ఇంత పైకి లేవకూడదే. అడుగున రాళ్లు లేవా?"

"తీయించేశాను. అనవసరమైన బరువు."

"భలేవారే! ఇసుక లేనప్పుడు పడవని నీళ్లలోకి దించి ఉంచేది అవేగా! నేనూ చూసుకోలేదు. చూస్తే గట్టు దగ్గరే చెప్పేవాణ్ణి."

అప్పుడు పైనుంచి గొంతు వినబడింది. వంతెన పిట్టగోడ మీద మోచేతులు ఆనించి అక్క నిలబడి ఉంది. రానన్న మనిషి!

"ఏం మరిదిగారూ, ఆగిపోయారేం? లోడు ఎక్కువైందా?"

మా ఆయన నోరు విప్పేలోగా ఇంజనాయన తలెత్తి గట్టిగా జవాబిచ్చాడు. "తక్కువైందమ్మా! పడవలో అసలు బరువే లేదు!"

వంతెన మీద పోయేవాళ్లంతా ఆగి నవ్వారు. అక్క నవ్వలేదు. మా ఆయన్నే చూస్తోంది. ఆయన మంచినీళ్ల కోసం వెతుక్కున్నారు. చుట్టూ కాలువ నిండా నీళ్లే గానీ తాగడానికి పనికి రావు.

నేను ఆయన పక్కకు వెళ్లి నెమ్మదిగా అడిగాను. "ఏమండీ, బరువు కాదని తేలిపోయిందిగా. ఇప్పుడేం చెబుతారు?"

ఆయన రేకు మీద పడ్డ గీతను వేలితో తడిమారు. "బరువని కాదే. పెళ్లైన దగ్గర్నుంచీ నేను ఏ మాటన్నా దానికి ఇంకో మాట తగిలిస్తుంది మీ అక్క. ఒక్కసారి నా మాటే ఆఖరి మాటగా ఉండే ఇల్లు కావాలనిపించింది."

"రాళ్లు వేయించుకోండి. హాయిగా వెళ్లండి. నేను మాత్రం ఈ వంతెన దాటను," అన్నాను. ఈయన్ని వదిలి ఎలా ఉంటానో నాకే తెలియదు. అయినా మూట చంకలో పెట్టుకుని గట్టు వైపు తిరిగాను.

ఆయన నా మూట చూశారు. నన్ను చూశారు. గట్టు మీదికి దూకి మెట్లెక్కి వంతెన మీదికి వెళ్లారు. వాహనాల రొదలో వాళ్ల మాటలు నాకు వినబడలేదు. ఆయన చేతులు కట్టుకుని ఏదో అన్నారు. అక్క చెయ్యి ఊపుతూ అంతకు నాలుగింతలు అంది. ఆయన మళ్లీ ఏదో అన్నారు. అక్క ఠక్కున వెనక్కి తిరిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

నేను గది చెక్కగోడ గట్టిగా పట్టుకున్నాను. ఆయన ఒక్కరే దిగివచ్చారు.

"ఏమంది?"

"రాళ్ల బదులు నన్ను వేసుకుందామనుకుంటున్నారా అంది."

"మీరేమన్నారు?"

"అబద్ధం చెప్పానన్నాను."

"దానికేమంది?"

"ఆ సంగతి మొదటి రోజే తెలుసంది. నేను నోరు తెరిచి చెబుతానా లేదా అని చూడ్డానికే ఇవాళ వచ్చిందట." ఆయన చెమట తుడుచుకున్నారు. "చూశావా? ఆఖరి మాట మళ్లీ ఆవిడదే."

"మరి వెళ్లిపోయిందేం?"

"మిషను తేవద్దూ?"

రెండు గంటల తర్వాత తోపుడుబండి మీద ఇనప కాళ్ల కుట్టుమిషను, పరుపు, బట్టల మూటలు, వెనకాల అక్క. ముందు మిషను ఎక్కించారు. తర్వాత ఇంజనాయన ఒక చెయ్యి, మా ఆయన ఒక చెయ్యి పట్టుకుంటే అక్క పడవలో కాలు పెట్టింది. అందరం తలెత్తి పైకి చూశాం. రేకు వంతెనకు ఆనుకునే ఉంది. పడవ వెంట్రుకవాసి కూడా కిందికి దిగలేదు.

"రాళ్లే వెయ్యాలి సార్," అన్నాడు ఇంజనాయన పెదవి విరిచి.

అక్కకు ఆ మాట చాలా కష్టం కలిగించింది. సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.