ఏడో నంబరు రాయి ఎటు ఒరిగింది?

చెప్పండి చూద్దాం. పరాయి ఇంగ్లండు రాజు కుట్టించిన కోటు తొడుక్కుని, ఫ్రాన్సు కందకాల్లో విషపు గాలి పీల్చి, సొంత ఊరికొచ్చి దగ్గి దగ్గి చచ్చిపోయిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఎవరివాడు? రాజువాడా? ఊరివాడా? ఐర్లండులో ఈ ప్రశ్నకి వందేళ్ళు నోరు విప్పని ఊళ్ళు చాలా ఉన్నాయి. కిల్కోరన్ అందులో ఒకటి. మీరు జవాబు ఆలోచిస్తూ ఉండండి, ఈలోగా డింఫ్నా సంగతి చెబుతాను.

డింఫ్నాకి సోమవారం అంటే గునపం. సమాధుల తోటలో సిపాయిల రాళ్ళు పదకొండు, ఒకే ఎత్తు, ఒకే తెలుపు. ఆదివారం ప్రార్థన అయ్యాక జనం వచ్చి వెళ్ళేసరికి అవి తలో దిక్కుకీ ఒరిగి ఉండేవి. వాటిని మళ్ళీ నిటారుగా నిలబెట్టడానికే కౌన్సిల్ వాళ్ళు ఆమెకి జీతం ఇచ్చేది. వాన కోటు వేసుకుని, తూకం గుండు దారం కట్టి చూసుకుంటూ, ఒక్కో రాయి కిందా గునపం పెట్టి ఎత్తేది.

ఎందుకు ఒరుగుతాయంటే, తమవాళ్ళు వచ్చారు కాబట్టి. ఆవు దూడ వైపు మెడ తిప్పినంత మామూలుగా ఆ రాళ్ళు తమ రక్తం ఉన్న మనిషి వైపు వంగేవి. ఒకసారి లివర్‌పూల్ నుంచి ఒకావిడ "మా తాతయ్య ఇక్కడే ఎక్కడో ఉన్నాడట" అంటూ వస్తే, గోతులు తవ్వే మలాకీ ఆవిణ్ణి రాళ్ళ ముందునుంచి ఓసారి నడిపించాడు. ఐదో రాయి వంగింది. "అదుగోనమ్మా మీ ముసలాయన. గొడుగు కాస్త పక్కకి పట్టండి, తగులుతుంది" అని చెప్పి తన పనిలో తాను పడిపోయాడు.

ఏడోది నేను అడిగిన ఆ కుర్రాడు కోల్మన్ టార్పీది. వాడి కోసం ఎవరూ వచ్చేవాళ్ళు కారు. వాడు పోయిన మూడేళ్ళకి, ఆ కోటు మూలంగా ఊరు తమ పాలు కొనడం మానేస్తే, టార్పీలు ఇంటికి తాళం వేసి ఎటో వెళ్ళిపోయారు. అయినా వాడి రాయి మాత్రం ఎప్పుడు చూసినా పడమటి మూల పనిముట్ల గది వైపు వాలిపోయి ఉండేది. అక్కడ కింద ఊబి నేల అని డింఫ్నా తీర్మానించింది. పదకొండేళ్ళలో బండెడు కంకర, పలకరాళ్ళ ముక్కలు, ఒకసారి బకెట్టు సిమెంటు కూడా కింద దట్టించింది. మోకాళ్ళ మీద కూర్చుని పాచి గీకుతూంటే అది ఓసారి ముందుకొచ్చి ఆమె నుదుటికి ఠప్పున తగిలింది. "సోమరిపోతు వెధవా, సిపాయివేనా నువ్వు? కుదురుగా నిలబడడం కూడా నేర్పలేదా పటాలంలో?" అని తిట్టింది.

తిట్టినా వాడంటే ఆమెకి అభిమానం. ఆమెకీ ఎవరూ లేరు. సన్యాసినులు నడిపే అనాథల హోమ్‌లో పెరిగింది. పేరు వాళ్ళు క్యాలెండరులో ఆ రోజు ఏ సెయింటుదో చూసి పెట్టారు, ఇంటిపేరు వాళ్ళకి తోచింది ఇచ్చారు. ఏటా ఆగస్టులో సమాధుల ఆదివారం వస్తుంది. ప్రతి కుటుంబం తమ సమాధి దగ్గర నిలబడితే ఫాదర్ వరసగా తిరిగి దీవెన నీళ్ళు చల్లుతాడు. చుట్టం కానివాళ్ళు ఒక సమాధి దగ్గర నిలబడితే ఆ ఊళ్ళో అది దొంగతనంతో సమానం. అందుకని ఆ రోజు డింఫ్నా గేటు బయట కార్లు సర్ది నిలబెట్టించేది. ఆ పని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నిలబడే చోటు లేనివాళ్ళు చేతులకి ఏదో ఒక పని కల్పించుకుంటారు.

ఆ ఏడు ఊరి నడిబొడ్డున కొత్త గోడ కట్టారు, రాజు కోటులో పోయినవాళ్ళ పేర్లు చెక్కడానికి. రాజు మీద తిరగబడినవాళ్ళ పేర్లు ఎదురుగా బంగారు అక్షరాల్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. ఈ గోడకి నియమం ఒక్కటే: వాళ్ళ మనిషి ఎవరైనా వచ్చి సంతకం పెట్టాలి. పది సంతకాలు వచ్చాయి. పదకొండోది రాలేదు.

"నేను పెడతాను, ఫిడెల్మా" అంది డింఫ్నా పోస్టాఫీసు కిటికీ దగ్గర. ఫిడెల్మా గార్వీ పోస్టుమాస్టరు, గోడ కమిటీకి పెద్ద కూడా.

"నువ్వెవరివి వాడికి?"

"పదకొండేళ్ళుగా వాడి మొహం కడుగుతున్నదాన్ని."

"నేను ముప్పయ్యేళ్ళుగా ఊరందరి ఉత్తరాల మీదా ముద్ర కొడుతున్నాను. అందరికీ పెళ్ళాన్నయిపోయానా?"

వెనక వరసలో నవ్వులు. ఫిడెల్మా మాత్రం నవ్వలేదు, గొంతు తగ్గించింది.

"చూడమ్మా, ఈ గోడకి ఊరిని ఒప్పించడానికి మూడేళ్ళు పట్టింది. ఒక్క పేరు దొంగ సంతకంతో ఎక్కిందని తెలిస్తే చాలు, మిగతా పదీ చెరిపెయ్యమంటారు. సమాధుల ఆదివారం ముందురోజు, శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి రాయి చెక్కే ఆయన ఉలి సర్దుకుని వెళ్ళిపోతాడు. ఈలోగా వాడి మనిషిని తీసుకురా, దగ్గరుండి నేనే చెక్కిస్తాను."

మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తుంది? పాత పద్దులు వెతికింది, ఇంగ్లండుకి నాలుగు ఉత్తరాలు రాసింది. జవాబు రాకముందే పిత్తాశయంలో రాయి నొప్పి ముదిరింది. కాసిల్‌బార్ ఆసుపత్రిలో పదహారు రోజులు పడుకుంది. ఇంటికొచ్చేసరికి గడువుకి ముందురోజు, శుక్రవారం. పెట్టె గుమ్మంలో పడేసి నేరుగా సమాధుల తోటకి వచ్చింది.

మలాకీ గోడ మీద కూర్చుని పైపు వెలిగిస్తున్నాడు.

"తిరిగొచ్చావా పిల్లా? రాయి తీయించుకోవాలంటే నాకు చెప్పకపోయావా, పార ఉందిగా."

"నీ పార నీ దగ్గరే ఉంచుకో, ముసలోడా. నా ఏడో నంబరువాడు ఎంత ఒరిగాడు?"

"ఒరగడమా? పదహారు రోజులూ కొవ్వొత్తిలా నిలబడ్డాడు. గునపం ముట్టుకోలేదు నేను."

"ఎండలు కాసి నేల గట్టిపడి ఉంటుంది."

"కిల్కోరన్‌లో ఎండా? మత్తుమందు ఇంకా దిగలేదు నీకు. పదహారు రోజులూ కుండపోత." మలాకీ పైపుతో అటు చూపించాడు. "నువ్వు ఇప్పుడు గేటు తీశావు చూడు, అప్పుడు కరకరమంది. అదుగో."

ఏడో రాయి గేటు వైపు తిరిగి వంగి ఉంది. ఊబి అయితే పడమటికి వాలాలి కదా.

డింఫ్నా పక్కకి నాలుగడుగులు వేసింది. రాయి అటు కదిలింది. ఇటు వచ్చింది. ఇటు కదిలింది. పనిముట్ల గది ఆమె రోజంతా ఉండే చోటు. ఆమె తడి గడ్డి మీద చతికిలబడింది.

"పదకొండేళ్ళు, మలాకీ... పదకొండేళ్ళు గునపంతో పొడిచాను వీణ్ణి."

"అయినా మళ్ళీ నీ వైపే వచ్చాడు. మొండి ఘటం" అన్నాడు మలాకీ. "ఎవరి పోలికో."

మర్నాడు పదకొండున్నరకి పోస్టాఫీసు వరస దాటుకుని డింఫ్నా కిటికీ దగ్గరికి వెళ్ళింది. వరసంతా వినేలా చెప్పింది.

"రాయి ఒరిగింది, ఫిడెల్మా. నాకు."

ఎవరూ నవ్వలేదు. ఫిడెల్మా కిటికీ మూసి, తాళం వేసి, గొడుగు తీసుకుంది. వరసలో ఉన్నవాళ్ళు కూడా ఉత్తరాలు పట్టుకునే వెనకాల నడిచారు. సమాధుల తోటలో మూడో రాయి ఫిడెల్మాని చూసి వంగింది, అది ఆమె తాతగారి తమ్ముడిది. "ఉండవయ్యా, ఇవాళ నీ సంగతి కాదు" అని దాన్ని తట్టి పక్కకి జరిగింది. డింఫ్నా తల ఎత్తి ఏడో రాయి ముందునుంచి ఒకసారి నడిచింది. చాలు.

ఫిడెల్మా సంచీలోంచి కాగితం తీసింది. 'చుట్టరికం' అన్న గడి దగ్గర డింఫ్నా కలం ఆగిపోయింది.

"మనవరాలినో, మేనల్లుడి కూతురినో, నాకెట్లా తెలుస్తుంది?"

"గడి చిన్నది. పట్టినంతే రాయి."

'మావాడు' అని రాసి సంతకం పెట్టింది డింఫ్నా. ఉలి చప్పుడు పన్నెండుకి పది నిమిషాల ముందు మొదలైంది.

సమాధుల ఆదివారం నాడు గేటు బయట కార్లు ఎలా పడితే అలా నిలబడ్డాయి. ఒక ట్రాక్టరు దారికి అడ్డంగా ఆగిపోయింది. ఎవరూ డింఫ్నాని పిలవలేదు. ఆమె నీలం కోటు ఇస్త్రీ చేసుకుని, ఏడో రాయి పక్కన, ఊరందరి మధ్య నిలబడి ఉంది. ఫాదర్ లొర్కన్ ఊరికి కొత్త. వరసలో నడుస్తూ ఆమె దగ్గర ఆగాడు.

"ఏ కుటుంబం, అమ్మా?"

"టార్పీలం, ఫాదర్" అంది డింఫ్నా, తోట చివరి గోడ దాకా వినపడేలా. "ఇద్దరం."

దీవెన నీళ్ళు ఇద్దరి మీదా పడ్డాయి.

నా ప్రశ్నకి ఇక మీ జవాబు చెప్పండి. ఇక్కడ నాకు కాదు. మీ ఊళ్ళోనూ ఎవరూ నిలబడని రాయి ఒకటి ఉంటుంది, ఏ యుద్ధంలో పోయినవాడిదో, ఏ కోటు తొడుక్కున్నవాడిదో. ఈ ఆదివారం వెళ్ళండి. దాని ముందు నిలబడి, తల ఎత్తి, ఆ పేరు గట్టిగా చదవండి.