దారి దొరకలేదు

పడవ మీంచి కాలు జారి మోకాలిచిప్ప పగలగొట్టుకున్నాక డారిల్‌కి మనుషుల మీద ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. అంతకుముందు మాత్రం ఏపాటి ఉండేదని. బడి మానేసి, బర్నీ ఊరి రేవు పక్కన నాన్న పెట్టిన షెడ్డులో కత్తెర పట్టినవాడు. పడవలకు కాన్వాసు కప్పులు కత్తిరించడం తప్ప మరో పని రాదు. ఆ రేవులో ఏ పడవ కప్పు చూసినా అది అతను గీసిన గీతే. ఇప్పుడా గీతలన్నీ షెడ్డు సర్వరులో, అందరూ వాడే ఒక ఫోల్డరులో ఉన్నాయి.

షెడ్డు నడిపేది చెల్లెలు జానీన్. ఆమె మొగుడు గ్రాంట్ ఈమధ్యే కాన్వాసు కోసే యంత్రం తెప్పించాడు. గీత కంప్యూటర్లో ఉంటే చాలు, అదే కోసేస్తుంది. మరి కత్తెర మనిషెందుకు? డారిల్‌కి కంటిమీద కునుకు లేకుండా చేస్తున్న ప్రశ్న అదే. మోకాలు మానేదాకా ఇంటినుంచే గీయమని జానీన్ నెట్ మీద షెడ్డుతో కలిపే వీపీఎన్ పెట్టించింది. కొండమీది ఇంట్లో కూర్చుని షెడ్డు ఫోల్డరు తెరుచుకోవచ్చు. తనని మెల్లగా గుమ్మం దాటించడానికే ఈ ఏర్పాటని డారిల్ అనుకున్నాడు. అయినా గీశాడు. బాగానే సాగింది.

ఆ సోమవారం సాగలేదు. వీపీఎన్ పచ్చగా వెలిగి కలిశానంది. ఫోల్డరు నొక్కితే మాత్రం తెల్లటి పెట్టెలో ఒకే మాట: దారి దొరకలేదు. ఆపి మళ్ళీ వేశాడు. అదే మాట. సంకేతపదం మళ్ళీ కొట్టాడు. అదే మాట.

కంప్యూటర్లు బాగుచేసే టెవిటాకి ఫోన్ చేశాడు. టోంగా దీవుల నుంచి వచ్చి పక్క ఊరు డెవన్‌పోర్టులో కొట్టు పెట్టుకున్న మనిషి, నిదానస్తుడు. చేతిలో పని ఉంది, కాసేపట్లో చేస్తానన్నాడు. ఆ కాసేపు డారిల్ ఆగలేకపోయాడు. దీపం పచ్చగా ఉండి తలుపు తెరుచుకోలేదంటే లోపల ఎవరో గడియ పెట్టారనే కదా. ఎవరో ఏమిటి, గ్రాంటే.

షెడ్డుకి ఫోన్ కలిపాడు. అది పది గంటల టీ వేళ. ఆ వేళకి పనివాళ్ళంతా బల్లల మీద చేరతారని, ఫోన్ కెటిల్ పక్కన స్పీకర్లో ఉంటుందని అతనికి తెలియనిది కాదు.

"ఫోల్డరులోంచి నా పేరు తీసేశారుగా?" అన్నాడు.

"ఏ పేరు, డాజ్? ఏమైంది?" అంది జానీన్. చిన్నప్పటినుంచీ ఆమెకి అతను డాజే.

"నంగనాచి కబుర్లొద్దు. నా గీతలన్నీ మింగేశారు, ఇప్పుడు నేను అడ్డం. నాన్నని ఆ ముసలాళ్ళ హోమ్‌లో పడేసి షెడ్డు తాళం పట్టుకెళ్ళినప్పుడే నీ సంగతి తెలిసింది నాకు."

అటువైపు ఎవరో టీ కప్పు బల్లమీద పెట్టిన చప్పుడైంది.

"స్పీకర్లో ఉన్నావు, డాజ్."

"తెలుసు. విననీ."

నాన్న మంచాన పడ్డాక, హోమ్‌కి పంపేముందు మూడేళ్ళు మలమూత్రాలు ఎత్తింది జానీనే. డారిల్ ఆదివారాలు వచ్చి, గుమ్మంలో నిలబడి, వెళ్ళిపోయేవాడు. అది ఆ బల్లల మీద అందరికీ తెలుసు.

తర్వాత టెవిటా ఫోన్ చేశాడు. ఈమధ్య ఇంట్లో ఏమైనా మారిందా అని అడిగాడు. శనివారం నెట్ కంపెనీవాళ్ళు కొత్త రౌటరు పెట్టి వెళ్ళారని డారిల్ విసుగ్గా చెప్పాడు. టెవిటా కంప్యూటర్లో ఒక నంబరు కొట్టమన్నాడు, అది షెడ్డు సర్వరుది. ఉన్నానని వెంటనే పలికింది.

"ఇప్పుడు మీ ప్రింటరు ఆపండి."

ఆపాడు. సర్వరు పలకడం మానేసింది.

"చూశారా? పలికింది షెడ్డు కాదు, మీ ప్రింటరు. కొత్త రౌటరు మీ ఇంట్లోని కంప్యూటరుకీ ప్రింటరుకీ షెడ్డువాటి నంబర్లే ఇచ్చింది. మీరు అక్కడికని పంపేదంతా ఇంట్లోనే తిరుగుతోంది. ఎవరి తప్పూ లేదు."

ఎవరి తప్పూ లేదన్న మాట డారిల్‌కి చేదుగా తగిలింది. టెవిటా చెప్పినట్టు రౌటరు పేజీ తెరిచి, ఇంటి నంబర్లు మార్చి, ఆపి వేశాడు. ఫోల్డరు తెరుచుకుంది.

లోపల కొత్త ఫైలు ఒకటుంది: 'డాజ్‌కి'. శుక్రవారం సాయంత్రం పెట్టింది. ఒక చేపల పడవ ఫొటోలు, జానీన్ చేత్తో తీసిన కొలతలు, కింద ఒక వాక్యం: 'ముక్కు దగ్గర వంపు యంత్రానికి రాదు, నువ్వే గీయాలి.'

డారిల్ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. ఫోన్ మీద చెయ్యి వేసి తీసేశాడు. వాళ్ళింట్లో నోటితో తప్పొప్పుకున్నవాళ్ళు ఎవరూ లేరు. నాన్నా అంతే, తాతా అంతే. వంపు గీసి పంపితే అదే అర్థం చేసుకుంటుందిలే అనుకున్నాడు. భోజనం మానేసి గీశాడు. ఇంత బాగా ఈ ఏడాది గీయలేదు. దాచమని నొక్కాడు.

మీకు అనుమతి లేదు.

ఈ మాట కొత్తది. ప్రింటరు ఆపే ఉంది. సర్వరు నంబరు కొడితే పలికింది. టెవిటాకి ఫోన్ చేశాడు.

"ఈసారి దారి బాగానే ఉంది, డారిల్. ఇందాక జానీన్ ఫోన్ చేశారు."

"రౌటరు సంగతి చెప్పలేదా నువ్వు?"

"అంతా చెప్పాను. విన్నారు. సరే, మరి ఒక పేరు తీసెయ్యాలంటే ఎలా, అనడిగారు."

"చెప్పేశావా?"

"అడిగారు. చెప్పాను."

కాలు జారితే మోకాలికి డాక్టరున్నాడు. డారిల్ కర్ర పట్టుకుని లేచి, మళ్ళీ కూర్చుని, షెడ్డుకి ఫోన్ కలిపాడు. మధ్యాహ్నం టీ వేళ. కెటిల్ ఉడుకుతున్న చప్పుడు, ఎవరిదో నవ్వు, బల్ల జరిగిన మోత.

"జానీన్," అన్నాడు.

నవ్వు ఆగింది. కెటిల్ కూడా ఎవరో ఆపేశారు.

"చెప్పు, డాజ్. స్పీకర్లోనే ఉన్నావు. అందరూ వింటున్నారు."

నోరు తెరిచాడు. జానీన్ ఆగింది, చాలాసేపే ఆగింది.

డారిల్ ఫోన్ పెట్టేశాడు.