దొరువు నీళ్ళు

పప్పు తిరగమోత వేస్తుంటే మా బావగారు వెంకట్రామయ్య గారు వంటింటి గడప దగ్గర ఒక గుడ్డసంచి దించి, "ఇదిగోనమ్మాయ్, నీ పరీక్షకి మట్టి" అన్నారు. వారం నుంచి నిద్రలేకుండా ఎదురుచూస్తున్నది ఈ సంచి కోసమే.

నేను బాపట్లలో మట్టి పరీక్షలు చేసే లాబ్‌లో పనిచేస్తాను. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ వండి, క్యారియర్లు సర్ది, తెనాలి స్టేషనుకి పరిగెత్తి రైలెక్కుతాను. మా అత్తగారు సుబ్బాయమ్మ గారు నా ఉద్యోగాన్ని "మట్టి పిసుక్కోవడం" అంటారు. మా ఆయన నరసింహారావు అంత మాట అనరు. "ఏదో దాని సరదా" అంటారు. అది వింటే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఈసారి పిసుక్కోవాల్సింది సాక్షాత్తూ బావగారి మట్టినే. నిజాంపట్నం వైపు ఇసుక నేలలో ఆయనకో షెడ్డుంది. మొన్న తొంభైలో వచ్చిన తుఫానుకి కూలిపోతే మళ్ళీ కట్టించారు. క్వారీల్లో బండలు పగలగొట్టే పేలుడు మందు అక్కడ కరిగించి పోస్తారు. పాత్రలు కడిగిన నీళ్ళు పక్కనే గోతిలోకి వదిలేస్తారు. వదిలేటప్పుడు తేటగానే ఉంటాయి, ఎండ తగిలితే ఎర్రబడతాయి. గోతికి దిగువనున్న పల్లెవాళ్ళు అది చూసి అర్జీ పెట్టుకున్నారు. వాళ్ళకి దొరువులే దిక్కు. దొరువంటే ఇసుకలో తవ్వుకున్న లోతులేని గుంట. అడుగున సముద్రపు ఉప్పునీరు, పైన తేలే కాస్త తియ్యటి నీరు. ఆ మందు నేలలోంచి దొరువుల్లోకి చేరుతుందా, చేరితే ఎప్పటికి, అంచనా కట్టమని కలెక్టరాఫీసు నుంచి మా లాబ్‌కి రాశారు. "మీవాళ్ళదే కదా మేడమ్, మీరే చూసి సంతకం పెట్టండి" అని మా సార్ చేతులు దులిపేసుకున్నారు.

సంచి విప్పి చెయ్యి పెట్టాను. నల్లరేగడి. తడిచేతికి బంకలా అంటుకుంది.

"బావగారూ, షెడ్డు ఇసుకలో కదండీ ఉంది?"

"అవునమ్మా. ఇది చెరుకుపల్లి దగ్గర మన మాగాణి మట్టి. పరీక్షంటే మంచిది పంపుతాం గానీ ఆ దిక్కుమాలిన ఇసుక చూపిస్తామా? పెళ్ళిచూపుల్లో పిల్లని ముస్తాబు చెయ్యకుండా కూర్చోబెడతామా ఏంటి?"

అందరూ నవ్వారు. నా పెళ్ళిచూపుల్లో నన్నూ అలాగే ముస్తాబు చేసి కూర్చోబెట్టారు. కెమిస్ట్రీలో ఫస్టు క్లాసు వచ్చిందని చెప్పకుండా, సున్నుండలు బాగా చుడుతుందని చెప్పారు. బావగారు నిజంగానే మంచి మట్టి తెచ్చాననుకుంటున్నారో, తెలిసే చేశారో నాకు అర్థం కాలేదు. రేగడి ఏది పోసినా పట్టుకుని కూర్చుంటుంది. ఈ మట్టితో లెక్క కడితే ఆ మందు గోతి దాటేసరికి నా మనవలు ముసలివాళ్ళవుతారు. ఇసుక అలా కాదు, దేన్నీ ఆపదు. నాలుగు గట్టి వానలు పడితే చాలు, మందు దొరువుల్లో ఉంటుంది. తొలకరి దగ్గర పడింది. కిటికీలోంచి మబ్బు కనిపిస్తే చాలు, వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

అన్నాల దగ్గర మా ఆయనతో మెల్లగా అన్నాను. "ఇసుకతో చూడాలండీ. దీనితో చూస్తే తప్పు లెక్క వస్తుంది."

"సంతకమేగా, పెట్టెయ్. నేల కింద నీళ్ళు ఎటు పోతాయో నీకేం తెలుసు? జోస్యమా? షెడ్డు మూతపడితే అన్నయ్య రోడ్డున పడతాడు. ఆ తర్వాత ఈ ఇంట్లో నీ మొహం ఎవరు చూస్తారు?"

జోస్యమట! ఈ ఇంట్లో నేను రోజూ చేసేది మరేంటి? పాలు ఎప్పుడు పొంగుతాయో, బావగారింట్లో పుట్టిన మాట మా అత్తగారి నోట ఏ పూట బయటికొస్తుందో, మా ఆయన ఆఫీసులో తిన్న చివాట్లు ఇంటికొచ్చి ఏ కూర మీద పడతాయో, ముందే కనిపెట్టి కాచుకోవడమేగా నా బతుకు. అందులో ఏనాడూ లెక్క తప్పలేదు. వీళ్ళు నన్ను కూడా రేగడే అనుకున్నారు. ఏం పోసినా అక్కడే ఉంటుంది, కిందికి దిగదు అని. కానీ నిజంగా నా లెక్కే తప్పయితే? ఊరికే ఒక ఇంటిని కూల్చినదాన్ని అవుతాను.

మర్నాడు బాపట్ల రైలు వస్తున్నా ఎక్కలేదు. రేపల్లె బండెక్కాను. అక్కణ్ణుంచి బస్సు. షెడ్డు దగ్గర గోతిలో నీళ్ళు దానిమ్మ రసంలా ఎర్రగా ఉన్నాయి. కాస్త దిగువన ఇసుక తవ్వి నా సంచిలో పోసుకుంటుంటే గుప్పిట్లో నిలవకుండా జారిపోయింది. అక్కణ్ణుంచి చూస్తే దొరువు కనిపిస్తోంది. ఒకావిడ బిందె ముంచుతోంది. కాంతమ్మట పేరు.

"అర్జీ సంగతి చూడ్డానికొచ్చారా అమ్మా? మా కోడలు కడుపుతో ఉంది. ఈ నీళ్ళు తాగొచ్చంటారా?"

బిందెలో నీళ్ళు తేటగా ఉన్నాయి. 'రిపోర్టు వచ్చాక సార్ చెబుతారు' అన్న మాట నాలుక చివరే ఉంది. ఇన్నేళ్ళూ అదే చెప్పాను. సముద్రం మీద మబ్బు పట్టి ఉంది.

"తాగొద్దు పిన్నీ. ఆ గోతిలో ఎర్రనీళ్ళు ఇప్పటికి ఇందులోకి చేరాయో లేదో పరీక్ష చేస్తేగానీ తెలీదు. కానీ వానలు పడితే చేరతాయి. నిజాంపట్నం కుళాయి నుంచి తెచ్చుకోండి. అందరికీ చెప్పండి."

"అంత దూరం నుంచా!" అంది.

ఆ దూరం మోసేది మళ్ళీ ఆడవాళ్ళే. అది తెలిసి ఏడుపొచ్చింది. కాంతమ్మ బిందె ఇసుకలోకి వంపేసింది.

"మా మగాళ్ళు ఒట్టినే నమ్మరమ్మా. ఎవరు చెప్పారంటే ఏం చెప్పను?"

ఇంట్లో అమ్మాయ్‌ని, లాబ్‌లో మేడమ్‌ని. నా పేరు పైకి అని ఎన్నాళ్ళయిందో.

"సూర్యకుమారి చెప్పిందనండి" అన్నాను. "ఎవరా సూర్యకుమారి అంటే, షెడ్డు వెంకట్రామయ్య గారి మరదలు అనండి."