కత్తెరల మేకర్ హెడ్లీ

అయినా దేవుణ్ణి కూడా మేకర్ అనే అంటారు కదా, ఆదివారం చాపెల్లో పాస్టరు కళ్లు మూసుకుని మన మేకర్ మన మేకర్ అంటుంటే ఆయనకి చేతులు వణకవు కాబోలు అనుకున్నాడు హెడ్లీ, బళ్లో టీచరమ్మ తనని గొడవల మేకర్ అని మూల నిలబెట్టింది, పెళ్లయ్యాక మార్జొరీ అందరికీ మా ఆయన మేకరండీ అని ఎంత గొప్పగా చెప్పుకునేదో, పోయింది మహాతల్లి, షెఫీల్డులో చేత్తో కత్తెరలు కూర్చేవాళ్లు ఎందరు మిగిలారు గనక, ఇదిగో నిన్న తను కూర్చిన జత, లోపలివైపు తను గీకిన పొడి అక్షరాలు, ఒక బ్లేడు పైకెత్తి వదిలితే సగందాకా జారి బుద్ధిగా ఆగింది, భేష్, ఇంకా చెయ్యి పోలేదు, కిటికీ వెలుగులో తిప్పి చూశాడు, బ్లేడుకి వంపు తెచ్చిన సుత్తిదెబ్బలు ఎడమకి వాలి ఉన్నాయి, తనది కుడిచెయ్యి.

ఈ షాపులో ఎడమచెయ్యి టెస్సాది, ఆరేళ్ల కిందట తన దగ్గరే పని నేర్చుకున్న టెస్సాది, ఏంటి పెద్దాయనా, అలా గుడ్లప్పగించి చూస్తున్నావు, కరుస్తుందా అది అంటోంది ఎదురు బల్ల నుంచి, దీన్ని మళ్లీ ఎవరు కొట్టారే అన్నాడు, ఎవరు కొడతారు, నీ గుర్తేగా ఉంది, ముందా కళ్లజోడు మార్చు అంది, అంది గానీ చెవులు ఎర్రబడ్డాయి, ఓరి నాయనో, నువ్వెళ్లు, నేను ఊడ్చి తాళం వేస్తాలే అని రోజూ సాయంత్రం తనని సాగనంపేది ఇందుకా, చలికాలం నుంచీ ఇంతేనా, లీడ్సు దర్జీ ఆవిడ నీ చేతికి మొక్కాలి అని ఉత్తరం రాస్తే పబ్బులో అందరికీ చదివి వినిపించాడే, సిగ్గులేని ముసలాడు.

తిట్టాలి దీన్ని, నా పేరు మీద నీ పెత్తనమేంటే అని కడిగెయ్యాలి, సుత్తి తీసుకుని కొత్త జత మీద కొట్టాడు, చెయ్యి వణికింది, మళ్లీ కొట్టాడు, బ్లేడు ఎత్తి వదిలితే టప్పున చివరిదాకా పడిపోయింది, టెస్సా తలెత్తలేదు, విననట్టే ఆకురాయి రుద్దుతోంది, తిడితే రేపటి నుంచి ఇలా సరిచెయ్యడం మానేస్తుంది, మానేస్తే తనకి ఇక్కడ ఏముంది, సూది తీసుకుని తన అక్షరాలు గీకాడు, వంకరగా వచ్చాయి, జతని ఆమెకి అందేలా బల్ల చివరికి జరిపి కోటు తొడుక్కున్నాడు, ఇక ఎప్పటికీ ఈ సంగతి ఆమెతో అనలేడని, ఆమె మానేస్తుందేమోనని రోజూ భయపడుతూ బతకాలని అప్పుడు తెలిసింది.